శనివారపు నలుపు

లాండ్రీ వెనకగదిలో బట్టలకు రంగు వేసే పని ఆమెది. ఇరవై రెండేళ్లుగా అదే గది, అదే ఆవిరి. పనికి ఒక వరస ఉంది: సోమవారం లేత రంగులు, వారం మధ్యలో ఎరుపులూ నీలాలూ, శనివారం నలుపు. నలుపు ముందు వేశారో, ఆ తర్వాత ముంచిన గులాబీరంగు గుడ్డ బూడిదలో పొర్లినట్టు బయటికొస్తుంది. చేతితొడుగులు ఇచ్చారు గానీ, అవి వేసుకుంటే గుడ్డ నాడి తెలియదని ఆవిడగారి వాదన. అందుకే మోచేతుల దాకా మబ్బురంగు ఎప్పుడూ ఉండిపోయేది.

ఉండేది అన్నయ్య ఇంట్లో. అన్నయ్యా వదినా పల్లెత్తు మాట అనేవారు కారు. ఆలస్యంగా వస్తే ఎందుకని అడగరు, భోజనం మానేస్తే బతిమాలరు. అన్నయ్య కూతురి పెళ్లి ఫోటోలో, "చేతులు వెనక్కి పెట్టుకోండమ్మా" అని ఫోటోగ్రాఫరు ఆమెతో అంటే ఎవరూ కిక్కురుమనలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. నన్నడిగితే, గట్టిగా అనాల్సింది.

ఒక శనివారం నలుగురు కుర్రకారు లాండ్రీకి వచ్చారు. నల్లకోట్లు, నల్లబూట్లు, మొహాన పిండి మెత్తినట్టు పౌడరు, పెదాలకు కూడా నలుపే! ముందుగదిలో రసీదులు రాసే పెద్దాయన హడలిపోయి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండోయ్, దయ్యాలొచ్చాయి! మీకోసమేనట!"

దయ్యాలు కాదు, గోత్‌లట; నలుపు వేషమూ దిగులు పాటలూ ఇష్టపడే కుర్రకారును అలా అంటారట. వెలిసిపోయిన బట్టలకు మళ్లీ నలుపెక్కించాలట. ఆమె ఒక్కొక్కటీ వెలుతురులో తిప్పి చూసింది. "ఇది నీలం నలుపు, ఇది ఎరుపు నలుపు. ఒకే తొట్టిలో వేస్తే రెండూ అలుగుతాయి," అంది. వాళ్లు నోరెళ్లబెట్టారు. నలుపులో రకాలుంటాయని తెలిసిన మనిషి వాళ్లకు అంతవరకు తగల్లేదు మరి.

ఆపైన ప్రతి శనివారం వచ్చేవారు. వాళ్లలో పొడుగుపిల్ల ఒకతె కిటికీ పక్కన స్టూలు లాక్కుని కబుర్లు చెప్పేది.

"ఎవరు పోయారని ఇంత నలుపు?" అని ఆమె ఓసారి అడిగేసింది.

"ఎవరూ పోలేదు ఆంటీ. దిగులుగా ఉంటే బయట అందరూ 'నవ్వవేం, నవ్వవేం' అని ప్రాణం తీస్తారు. మావాళ్లు అలా అనరు. పక్కన చోటిస్తారు, అంతే."

ఆ మాట ఆమెను వదల్లేదు. కర్రతో తొట్టి కలుపుతుంటే నల్లనీళ్లు మెల్లగా సుడి తిరిగేవి, ఆవిరిలో గోడలు కరిగిపోయేవి. వాళ్లంతా ఆదివారాలు చేరతారని పొడుగుపిల్ల కబుర్లలో చెప్పిన చోటు అందులో కనిపించేది. మూతపడ్డ ట్రాముల షెడ్డు, పగిలిన అద్దాల్లోంచి జారే ఎండ, పట్టాల మధ్య మొలిచిన గడ్డి, ఎవరో తమకోసం తాము వాయించుకునే గిటారు. తను కూడా అక్కడెక్కడో కూర్చుని ఉన్నట్టుండేది. గంట కొట్టేదాకా తెలివొచ్చేది కాదు.

ఒక శనివారం పొడుగుపిల్ల ఓ పాత మఖమల్ కోటు తెచ్చింది. "కుట్టొక్కటే ఊడింది, వేసిపెట్టండి. వచ్చే శనివారం తీసుకెళ్తా. ఆ మర్నాడు మధ్యాహ్నం మీరు మా షెడ్డుకి రావాలి, సాకులు చెప్పకండి!"

ఆనందంతో ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. కుట్టు వేసింది. అక్కడితో ఆగిందా? కోటు ఎడమభుజం వెలిసి గోధుమరంగుకు తిరిగింది. వెలిసిన నలుపు కంటబడితే ఆ చెయ్యి ఊరుకోదు. పిల్లకు బహుమానంగా ఇద్దామని రెండుసార్లు ముంచి, నీడన ఆరబెట్టింది. జన్మలో అంత నిండు నలుపు ఆమె తీయలేదు.

శనివారం పొడుగుపిల్ల కోటు విప్పి చూసి బిగుసుకుపోయింది.

"ఇక్కడ మచ్చ ఉండాలి కదా."

"నలుపెక్కించానమ్మా. ఎంత బాగా వచ్చిందో చూడు!"

"అది మా అమ్మ కోటు ఆంటీ. నన్నెత్తుకుంటే ఆ భుజం మీదే నిద్రపోయేదాన్ని. నా చొంగకే అలా వెలిసింది. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ మచ్చే. కుట్టొక్కటే అన్నాను కదా!"

కోటు గుండెకు హత్తుకుని వెళ్లిపోయింది. ఎక్కిన రంగును దింపే మందు ఉంది గానీ, పోయిన మచ్చను తెచ్చే మందు లేదు. ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు?

"రసీదులో నేనే తప్పు రాశానని చెప్పండి, ఏం పోయింది!" అన్నాడు పెద్దాయన. మంచి మనిషి. ఒక్క క్షణం ఆమెకు ఆశ పుట్టింది కూడా.

ఆదివారం గడప దాటి రెండుసార్లు వెనక్కి వచ్చింది. వెళ్తే పొమ్మంటారేమో. వెళ్లకపోతే ఆ ఒక్క చోటునూ తనే పోగొట్టుకున్నట్టు. మూడోసారి ఆగకుండా నడిచింది.

షెడ్డులో ఎండ ముక్కలుగా పడి ఉంది. పొడుగుపిల్ల ఆ కోటే వేసుకుని మెట్టు మీద కూర్చుంది. కాటుక చెంపల దాకా కారింది.

ఆమె ఎదురుగా నిలబడింది. "నువ్వు చెప్పింది నాకు సరిగ్గానే వినబడిందమ్మా. చెయ్యి ఆగలేదు. మీ అమ్మ గుర్తును నేనే చెరిపేశాను. తప్పు నాదే. అది చెప్పి వెళ్దామనే వచ్చాను."

వెనుదిరిగింది.

"ఎక్కడికి?" పొడుగుపిల్ల గొంతుకు షెడ్డంతా ఉలిక్కిపడింది. "ఇంత పని చేసి వెళ్లిపోతారా? కూర్చోండి ఇక్కడ! మీ మీద నాకు చచ్చేంత కోపంగా ఉంది. అది తగ్గేదాకా కదలకండి. ఇవాళ తగ్గదు. వచ్చే ఆదివారం కూడా తగ్గదు, చెప్తున్నా!"

ఆమె కూర్చుంది. తన మీద ఇంత హక్కుగా కోప్పడిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు.