స్కాన్‌కెక్కిన మొక్కు కోడి

నేత పనికి వలసొచ్చిన తెలుగువాళ్లుండే లింబాయత్‌లో ఉత్త మొండయ్య అంటే ఎవరికీ తెలియదు. చెవిటి మొండయ్య అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. ఇరవై ఏళ్లు మరమగ్గాల రొదలో నిలబడ్డ చెవులవి. పెళ్లాం వెంకటవ్వ తిట్లు వినపడవు కాబట్టే సంసారం సాఫీగా సాగిందని గిట్టనివాళ్లు అంటారు. ఆయనకు స్పష్టంగా వినపడేది ఒక్కటే, తెల్లారగానే మంచంకోడు మీదికెక్కి వాళ్ల పుంజు కూసే కూత. అందుకే అదంటే ఆయనకు ప్రాణం.

1996లో ఆ ప్రాణానికే ఎసరొచ్చింది. బిడ్డ కరుణకు అమ్మవారు పోసి తగ్గితే, ఆషాఢంలో ఈ పుంజునే ఇస్తానని వెంకటవ్వ పోచమ్మకు మొక్కింది.

అప్పుడే స్కానింగ్ సెంటర్ వాచ్‌మన్ నర్సింగం, మొండయ్య చెవిలో అరిచి ఓ సంగతి చెప్పాడు. అక్కడి డాక్టర్ జరీవాలా మేడం, రోగులు లేని వేళ సీటీ మిషన్‌లో పక్షుల్ని పెట్టి, కోయకుండానే వాటి లోపలేముందో చూస్తోందట. పావురాలయ్యాయి, ఇప్పుడు కోడి కావాలట. మొండయ్యకు ఆశ పుట్టింది. లోపమున్న కోడిని పోచమ్మ ముట్టదు. పైకి కనపడని లోపం లోపలైనా ఉండకపోతుందా?

సెలవు రోజున పుంజును చంకన పెట్టుకుని వెళ్లాడు. కదిలితే బొమ్మ రాదని మేడం మత్తుసూది తీస్తే వద్దన్నాడు. చీరల తాను చుట్టినట్టు కోరా గుడ్డలో దాన్ని చుట్టి కళ్లు కప్పాడు. అది కిక్కురుమనలేదు.

తెర మీద గుండె కనపడింది. మేడం బొటనవేలు పైకెత్తింది. ఊపిరితిత్తులకూ, గాలిసంచులకూ అదే వేలు. మొండయ్య ముఖం వాడిపోయింది. ఆఖరికి కడుపులో తెల్లటి రాళ్లు కనపడితే ఆశగా చూశాడు కానీ, కోళ్లు కోసిన చెయ్యి కదా, అవి కందనకాయలో మేత నలిపే రాళ్లేనని తెలుసు. అయితే ఒక రాయికి కాడ ఉంది. పది రోజులుగా వెంకటవ్వ ఇల్లంతా దులిపి వెతుకుతున్న ముక్కుపుల్ల అది. లోపం దొరికింది, కొరివితో తల గోక్కున్నట్టు.

దాచాలనుకున్నాడు. ఇంటికి రాగానే, మేడం ఇచ్చిన స్కాన్ ఫిల్మును చంకలోంచి వెంకటవ్వ లాక్కుని వెలుగులో పెట్టి చూసింది. తన సొమ్ము గుర్తుపట్టి నేరుగా కత్తిపీట అందుకుంది.

జన్మలో మొదటిసారి మొండయ్య ఎదురు తిరిగాడు. "పోచమ్మకు మొక్కిన కోడి. ఇంట్ల ఎట్ల కోస్తవే?"

ఆమె అతని చెవిలో అరిచింది. "అయితే పోచమ్మ కాడనే కోస్త. ముక్కుపుల్ల గాడనే తీస్కుంట."

"నువ్వు తొడిగి ఎంగిలైన సొమ్ము మింగిన కోడిని అమ్మకు వెడ్తవా? జర కరుణ దిక్కు సూసి చెప్పు."

వెంకటవ్వ బిడ్డ ముఖం మీది మచ్చలు చూసింది. కత్తిపీట కింద పెట్టింది.

పోచమ్మకు వేరే పుంజు వెళ్లింది. ఇక వెంకటవ్వ పొద్దున్నే పుల్ల పట్టుకుని, పుంజు రెట్టలు కెలుకుతూ, దాన్నీ దాని యజమానినీ కలిపి తిడుతుంది. మంచం మీద మొండయ్యకు కూత మాత్రం వినపడుతుంది.