గడ్డి పీకి గడ్డి పరచడం

హిందూపురంలో మేం కొన్న ఇంటి ముందు ఒకప్పుడు లాన్ ఉండేదట. చాలాకాలం తాళం పడి ఉన్న ఇల్లు. మేం వచ్చేసరికి అక్కడ తుంగ, గరిక, నడుమెత్తు వయ్యారిభామ, వాటి కింద నేలకు అంటుకుని పల్లేరు. దాని ముళ్లకాయలు చెప్పులో కూడా దిగుతాయి.

పాపకు అప్పుడే నడక వచ్చింది. గేటు చప్పుడు విని, నాన్న వచ్చాడని ఎదురు పరుగెత్తి ఆ గడ్డిలో కాలు పెట్టింది. అరికాల్లో పల్లేరు ముల్లు. పిన్నీసుతో తీశాను. గాయం మానింది కానీ పాప కాలు కింద పెట్టడం మానేసింది. ఎత్తుకోమని చేతులు చాపడమే. భయం, అంతే అన్నారు డాక్టరు. నా భయం సంగతి ఎవరూ అడగలేదు. పిల్లలు నడక ఎందుకు మానేస్తారని ఫోన్‌లో వెతికి, చదవకూడనివన్నీ చదివాను.

అంతా పీకేసి కొత్త లాన్ వేద్దామన్నాను. పాప చెప్పుల్లేకుండా తిరగడానికి ఒక చోటు కావాలి. మావారు గడ్డిమందు డబ్బా తెచ్చారు. మట్టి దొరికితే చాలు నోట్లో పెట్టుకునే పిల్ల ఉన్న ఇంట్లో! వెనక్కి పంపించాను. ఆయనకు పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టులు. కాబట్టి పీకడం నా వంతు. నేల ఇటుకలా ఉంది. తుంగను లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. గడ్డపారతో పొడిచి, ఏరి, బస్తాల్లో నింపాను.

వినాయకుడికి గరిక కావాలంటూ రోజూ మా గేటు తీసే పక్కింటావిడ ఖాళీ నేల చూసి ఆగిపోయింది.

"ఏమ్మా, ఉండే గడ్డి పీకి పారేసి బెంగళూరు నుంచి గడ్డి తెప్పిస్తాండారంట?"

"అది వేరే గడ్డి అక్కా."

"వేరేదంటే? ఆవు తినదా?"

చేతులు బొబ్బలెక్కాయి. పాపను తీసుకుని ధర్మవరంలో మా అమ్మ దగ్గర కొన్నాళ్లుండి వచ్చాను. మర్నాడే చాపల్లా చుట్టిన లాన్ గడ్డి రావాలి. గేటు తీస్తే నేలంతా పచ్చటి సూదులు. తుంగే! మేం లేనన్నాళ్లూ ఇంట్లోనే ఉన్న అత్తగారు తీరిగ్గా నీళ్ల పైపు చుడుతున్నారు.

"నేల గట్టిగా ఉండాదని నువ్వు ఏడుస్తాంటివే, దినామూ నీళ్లు పెడతాండా. చూడు, ఎంత మెత్తగా అయిందో!"

"మొలకలు చూడలేదా అత్తా?"

"చూసినా. ఎంత పచ్చగా ఉండాయి! ఇంక ఆ గడ్డి కొనేదెందుకు?"

అరవాలనిపించింది. అరిచాను కూడా, ఫోన్‌లో మావారి మీద. ఆయన "ఆ మందే కొట్టుంటే..." అనగానే కట్ చేశాను. గడ్డి తెచ్చే అతనికి ఇప్పుడే రావద్దని చెప్పి, పాపను గోనెసంచి మీద కూర్చోబెట్టి, మళ్లీ మొదటి నుంచి పీకడం మొదలుపెట్టాను. తడి నేలలో తుంగ గడ్డతో సహా వస్తోంది. ఆ మాట పైకి అనలేదు.

పాప సంచి అంచు దాకా జరిగి బురదలో కాలు పెట్టింది. తీసి, అరికాలు చూసుకుంది. మళ్లీ పెట్టింది. అత్తగారు ఏదో అనబోతే చేయెత్తి ఆపాను. పాప లేచి, తడబడుతూ నా దాకా నడిచొచ్చి బురద చేతులు మెడకు చుట్టింది.

"చూస్తివా, నీళ్లు పెట్టబట్టే కదా!" అన్నారు అత్తగారు.

రేపటికల్లా ఈ మాట వీధంతటికీ తెలుస్తుంది. పాప ఒక్కో అడుగూ ముందుకు వేస్తుంటే, దాని ముందు కూర్చుని పల్లేరు కాయలు ఏరుతూ వెనక్కి వెనక్కి జరిగాను.