రెండో సీసా

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక సీసాడు నీళ్ళ బరువు. అంతే. తూకం వేస్తే పావు కిలో కూడా రాదు. పెళ్ళయిన రోజు నుంచి బిందెల కొద్దీ నీళ్ళు నెత్తిన, చంకన మోసినదాన్ని, ఈ ఒక్క సీసాను మాత్రం దించుకోలేకపోయాను. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. నా పేరు మీకెందుకు? ఊరు పేరూ వద్దు. కంబదూరు పక్క ఒక మెట్ట పల్లె అనుకోండి. వానొస్తే వేరుశెనగ, రాకపోతే మేఘాలు చూస్తూ కూర్చోవడం.

కష్టాల్లో పడి రాస్తున్నానని అనుకోవద్దు. బాగానే ఉన్నాను. కళ్ళద్దాలు పెట్టుకుంటే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాను. మోకాళ్ళు పట్టేస్తాయి గానీ రెండు పూటలా సంగటి ముద్ద సయిస్తుంది. కడుపు నిండి, మనసు నెమ్మదిగా ఉన్న మనిషికే లోపలిది బయటికి చెప్పే తీరిక దొరుకుతుందేమో. కష్టంలో ఉన్నప్పుడు చెప్పి ఉంటే జాలి కోసం చెప్పినట్టు ఉండేది. జాలి నాకు వద్దు.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. ఊళ్ళో పెద్దవాళ్ళకు బడి పెట్టినప్పుడు పలకను చెంగు కింద దాచుకుని పోయేదాన్ని. సిగ్గు పోయాక ఆకలి పట్టుకుంది. బస్సు బోర్డు చదివాను, రేషన్ కార్డు చదివాను, శెనగలు కట్టిచ్చిన పొట్లం విప్పి ఆ కాగితమూ చదివాను. పదో తరగతి లేకపోయినా, వయసు ఉంటే ఒక పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చని ఎవరో చెప్పారు. రాశాను. పాసయ్యాను. తొంభైల చివర్లో, ముగ్గురు మనవళ్ళున్న నేను బి.ఏ.లో చేరాను. ఆదివారాలు టౌనులో కాలేజీ.

బి.ఏ. వాళ్ళు కూడా మొదటి ఏడాది కొంచెం సైన్సు చదవాలన్నారు. అందులో కెమిస్ట్రీ. క్లాసులో ఒక బస్సు కండక్టరు, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒక హోంగార్డు, నేను. వాళ్ళెవరికీ ఆ పుస్తకం కొరుకుడు పడలేదు. నాకు మాత్రం పండగే. ఎందుకంటే సారు చెప్పేదంతా మా ఊరి వంటిళ్ళలో రోజూ జరిగేదే. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఎందుకు ఉడకదు? సబ్బు ఎందుకు నురగ రాదు? కాచిన గిన్నె అడుగున ఆ తెల్లటి పొర ఏమిటి? మా ఆడవాళ్ళు తరతరాలుగా తోమి తోమి పారేసిన పొరకు ఒక పేరుంది. ఆ పేరు నోట్సులో రాసుకున్న రోజు బస్సులో నాలో నేను నవ్వుకుంటూ వచ్చాను. ఆ సంతోషం అబద్ధం కాదు. ఇప్పటికీ తలుచుకుంటే అలాగే ఉంటుంది. నేను చేసిన తప్పు ఆ సంతోషంలోంచే పుట్టింది, అదే నాకు మింగుడు పడదు.

మా ఊళ్ళో తాగే నీళ్ళు రెండు చోట్ల ఉండేవి. ఒకటి ఊరి పడమట మా చేనులో మా బోరు. తియ్యటి నీళ్ళు, సబ్బు బాగా నురగొస్తుంది, పప్పు వెన్నలా ఉడుకుతుంది. ఊరిలో దాదాపు అందరూ తాగేది అవే. రెండోది తూర్పు వైపు తిప్పక్క వాళ్ళ పాత బావి. కొంచెం ఉప్పన. తిప్పక్క ఇంటివాళ్ళు, చుట్టూ నాలుగైదు ఇళ్ళు ఆ నీళ్ళే తాగేవారు. తిప్పక్క నాకంటే రెండేళ్ళు చిన్నది, అక్కా అక్కా అని పిలిచేది. నేను ఆమెను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. మీ బావి నీళ్ళతో పప్పు పొయ్యి మీద పెడితే పెళ్ళి చేసుకుని రావచ్చు అనేదాన్ని. అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది.

ఒక ఆదివారం సారు ఫ్లోరైడ్ గురించి చెప్పాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు, మా వైపు పిల్లల పళ్ళు చూసి బాధపడేవాడు. నీళ్ళలో కలిసినా దానికి రుచి ఉండదు, వాసన ఉండదు, రంగు ఉండదు, పళ్ళకు గోధుమ రంగు గార పట్టిస్తుంది, కీళ్ళు బిగిస్తుంది అన్నాడు. పరీక్షకు అక్కర్లేకపోయినా ఎక్కడో తిరిగి ఒక ఎర్ర మందు సంపాదించాడు. ఆ మందు నీళ్ళలో వేస్తే ఎర్రగానే ఉంటే తాగొచ్చు, పసుపు తిరిగితే తాగకూడదు. మీ ఊళ్ళో ఎన్ని చోట్ల నీళ్ళు తాగుతారో అన్ని సీసాలు తెండి అన్నాడు.

తర్వాతి ఆదివారం. ఆరు గంటల బస్సు. కడిగిన సీసాలు రెండు. మొదటిది ఇంట్లో బిందెలోంచి నింపాను, మా బోరు నీళ్ళు. రెండోది నింపాలంటే తూర్పు వీధికి పోవాలి. ఎంత దూరం? అరవై ఇళ్ళ ఊరు. పోయి రావడానికి పది నిమిషాలు.

పోలేదు. బస్సు వచ్చేస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా బస్సేనా? ఆ బస్సు ఎప్పుడైనా సమయానికి వచ్చిందా? ఇన్నేళ్ళు తవ్వి చూసుకుంటే అడుగున దొరికేది వేరే. జీవితమంతా వెక్కిరించిన బావిలో నేను చేద వెయ్యడం ఆ వీధివాళ్ళు చూడకూడదు. తియ్యనీళ్ళ ఇంటిదాన్ని. అంత చిన్న గర్వం. ఆ గర్వం మీదే నిలబడి, అదే బిందెలోంచి రెండో సీసా కూడా నింపాను. కాగితం ముక్కల మీద గుండ్రంగా పేర్లు రాసి మెతుకులతో అంటించాను. ఒకదాని మీద మా బోరు. ఇంకోదాని మీద తిప్పక్క బావి. అక్షరాలు ముచ్చటగా వచ్చాయి.

క్లాసులో నా సీసాలు రెండూ పసుపు తిరిగాయి.

సారు నుదురు ముడిచాడు. ఆ బావి నీళ్ళకు సబ్బు నురగ రాదన్నారు కదా, అంటే సున్నం ఎక్కువ, మామూలుగా సున్నం ఎక్కువున్న చోట ఫ్లోరైడ్ తక్కువ ఉండాలి, రెండూ ఒకేలా రావడం వింతగా ఉంది, వచ్చే ఆదివారం ఇంకోసారి తెస్తారా అని అడిగాడు. నా ముందుకు వచ్చి నిలబడిన అవకాశం అది. అక్కర్లేదు సార్, నా చేత్తో నేనే నింపినా అన్నాను. చూడండి, అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

ఆయన రాసుకున్నాడు. నేనూ రికార్డు పుస్తకంలో రాశాను, గళ్ళు గీసి, రంగు పెన్సిలుతో రెండు సీసాలు వేసి. ఆ రికార్డు ఎత్తి పట్టుకుని అందరికీ చూపించి, ఈ వయసులో ఎంత శ్రద్ధగా చేశారో చూడండి అన్నాడు సారు. కండక్టరు చప్పట్లు కొట్టాడు, మిగిలినవాళ్ళూ కొట్టారు. నా పుట్టుకలో నాకు ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

ఆ రాత్రికే సంగతి ఊరంతా పాకింది, మరుసటి రోజు తిప్పక్క మా బోరు దగ్గరికి వచ్చింది. ఆ మాటలు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"ఏమక్కా, నీ సదువు మా బాయిని గూడా ఫెయిల్ చేసినాదంటనే?"

"నేనేం చేస్తా. రంగు తిరిగినాది. రెండూ ఒకటే."

"మా మామ ఆ నీళ్ళే తాగినాడు గదా. ముసిలోడు సచ్చేదాకా చెరుకు నమిలినాడు."

"ఆయప్పది గట్టి ఒళ్ళు. అందరూ అట్లుంటారా?"

"అదీ నిజమే." నా బిందె వైపు చూసింది. "యప్పుడు తోడుకొంటివి? నేను సూడనే లేదే."

"తెల్లారకముందే. బస్సుకు పోతా పోతా."

"పిలిచింటే నేనే తోడిస్తాంటి గదా. గిలక కుయ్యోమన్లేదే మరి."

"సీసాడు నీళ్ళకు గిలక ఎందుకే? దారం కట్టి ఇడిచినా."

నా ముఖంలోకి చూసింది. ఆ గిలక కూత తూర్పు వీధిలో ఏ ఇంటికైనా వినిపిస్తుంది, నిద్రలో ఉన్నా. చివరికి అంది:

"సరేలే అక్కా. సదువుకున్నదానివి. నువ్వు చెప్తే నిజమే అయింటాది."

చదువుకున్నదానివి. ఆ మాట అంతకుముందు నన్ను ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాట పోగొట్టుకోలేక మిగిలినదంతా దాచాను. ఆమెకు తెలిసే అన్నదా? తెలియక అన్నదా? ఎన్ని రకాలుగా ఆ గొంతును మళ్ళీ వింటానో మీకు చెప్పలేను.

రెండూ చెడ్డవే అయినప్పుడు ఉప్పునీళ్ళెందుకు, తియ్యనీళ్ళే తాగుదామని తిప్పక్క ఇల్లు, ఆ నాలుగైదు ఇళ్ళు కూడా మా బోరుకు మారాయి. చేద, తాడు అటక ఎక్కాయి. మంచినీళ్ళ పైపు కావాలని ఊరంతా అర్జీలు పెట్టింది, ఆ అర్జీలు రాసింది నేనే. పైపు రావడానికి ఏళ్ళు పట్టింది. మేమూ అవే తాగాము కదా, అందరికీ సమానమే కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. సమానం ఎలా అవుతుంది? ఆ బావిని ఎవరూ పరీక్ష చెయ్యలేదని ఊళ్ళో నా ఒక్కదానికే తెలుసు.

పైపు వేసేవాళ్ళతో పాటు నీళ్ళు పరీక్షించేవాళ్ళు వచ్చారు. మా బోరుకు ఎర్ర రంగు పూశారు, తాగొద్దని గుర్తు. బావి దగ్గరికి పోయి మందు వేసి చూసి, నిక్షేపంగా ఉన్నాయి, ఎందుకు మానేశారు అని అడిగారు. ఆ కాలేజీ సారుకు ఏమీ రాదు, తప్పు చెప్పినాడు అన్నారు ఊళ్ళోవాళ్ళు. సారు అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆయన మీద పడ్డ మాటను పడనిచ్చాను. ఇది రెండో తప్పు, మొదటిదాని కంటే చిన్నది కాదు.

తిప్పక్కకు ఇద్దరు మనవరాళ్ళు. పెద్దది శివమ్మ, బావి నీళ్ళ మీద పెరిగింది. చిన్నది గంగ, వాళ్ళు మా బోరుకు మారాక పుట్టింది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంట. శివమ్మ పళ్ళు మల్లెమొగ్గల్లా ఉంటాయి. గంగకు పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పుడు, ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమ రంగు చారలు. ఆ ఇద్దరినీ పక్కపక్కన చూసిన ఎవరికీ ఏమీ తోచదు. నాకు మాత్రం మళ్ళీ ఆ రెండు సీసాలే కనబడతాయి. ఈసారి రంగులు సరిగ్గా ఉన్నాయి.

గంగ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్ల కాదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంది. ఎవరైనా ఏమైనా అంటే, పండ్లు నాయి, నీకేం నొప్పి అంటుంది. చిన్నప్పటి నుంచి మా ఇంటికి వచ్చి నా పుస్తకాలు తిరగేసేది. ఇప్పుడు ఇంటర్‌లో సైన్సు తీసుకుంది. ఆ పిల్ల వచ్చి కూర్చుంటే నాకు ఇల్లు నిండినట్టు ఉంటుంది. ఇది కూడా ఒప్పుకోవాలి. నేను పాడు చేసిన నవ్వును చూసి నేనే మురిసిపోతాను. అలా ఉండొచ్చా? తెలియదు. ఉంటున్నాను.

మొన్న వచ్చి అడిగింది.

"అవ్వా, నీ కెమిస్ట్రీ రికార్డు ఇస్తావా? మా మేడంకు సూపిస్తా. మా ఊరి నీళ్ళది ఉండాది గదా అందులో."

రేపు రా అన్నాను. పెట్టె తీశాను. డిగ్రీ సర్టిఫికెట్ కింద ఉంది రికార్డు. ఆ పేజీ రంగు కొంచెం వెలిసింది గానీ అక్షరాలు అలాగే ఉన్నాయి. చించెయ్యొచ్చు అనిపించింది. అంత సులువు. చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత పెన్ను తీసుకుని రెండో సీసా బొమ్మ కింద రాశాను: ఇది కూడా మా బోరు నీళ్ళే. బావి దగ్గరికి నేను పోలేదు. సారు తప్పు లేదు. ఇప్పుడు రాత అప్పటంత గుండ్రంగా రాలేదు. అయినా చదవడానికి వస్తుంది.

నిన్న సాయంత్రం గంగ వచ్చి తీసుకుపోయింది. పేజీలు తిప్పుకుంటూనే నడిచింది. ఆ పేజీ దగ్గర ఆగిందో లేదో, మలుపు తిరిగాక నాకు కనబడలేదు. వాళ్ళ అవ్వ తిప్పక్కకు చదువు రాదు. గంగ చదివి వినిపిస్తుందా, తనలోనే ఉంచుకుంటుందా, ఇక నాకు మొహం చూపిస్తుందా, అది ఆ పిల్ల ఇష్టం.

పైపు నీళ్ళు రాని రోజు తిప్పక్క ఇప్పటికీ బావిలోనే తోడుతుంది. ఇన్నేళ్ళూ ఆ గిలక కూత గాలికి ఇటు వినిపిస్తే నేను గబగబా రేడియో పెట్టేదాన్ని, లేదంటే గిన్నెలు తోమడానికి కూర్చునేదాన్ని. ఈ పొద్దున కూడా కుయ్యోమంది. రేడియో ముట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని, ఒక్కో చేదా పైకి వచ్చే దాకా, చివరిదాకా విన్నాను.