సముద్రపు పురుగులూ, జనగామ దీక్షా శిబిరమూ

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసి, కోస్తాలోని ఒక మ్యూజియంలో పాత సీసాల్లో ఉన్న సముద్రపు పురుగుల జన్యువులను పరిశీలిస్తున్నానని చెప్పగానే, సంతోషం కంటే ముందు నాకు చెవులు వేడెక్కాయి. రాష్ట్రం కోసం మన ఊళ్లన్నీ రోడ్ల మీదికొచ్చిన రోజులు మన వయసు వాళ్లకు గుర్తుండే ఉంటాయి. మహబూబాబాద్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నేను, సరిగ్గా అప్పుడే సెలవు పెట్టి ఈ పని నేర్చుకోవడానికి కోస్తాకు వెళ్లాను.

ఎప్పుడో తాతల కాలంలో పట్టి స్పిరిట్‌లో నిలవ ఉంచిన పురుగులవి, ఒంటికి రెండు వైపులా కుచ్చుల్లాంటి వెంట్రుకలతో. చిన్న ముక్క కోసి, అందులో మిగిలిన జన్యుపదార్థాన్ని రాబట్టి, ఒకే పేరుతో ఒకే సీసాలో ఉన్నవన్నీ నిజంగా ఒక జాతేనా అని పోల్చేవాళ్లం. ఒక సీసాలో నాకు రెండు జాతులు తేలాయి. ఆ ఉత్సాహంలో, పెద్దలు కూర్చున్న సభలో లేచి, “గిదీ గదీ ఒక్కటి కాదు సార్, ఎట్ల కలిపిండ్రో ఏమో” అన్నాను. హాలంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో “గిదీ గదీ” అని సాగదీశారు. నేను తల దించుకుని కూర్చుంటే, మిగతాది నా తోటి పరిశోధకురాలు చెప్పింది. ఆనాటి నుంచి గదిలో ఒంటరిగా వాళ్లలా మాట్లాడటం వల్లె వేశాను.

కొన్ని నెలలకు నాయినకు జ్వరమని తెలిసి, రైళ్లు ఆగిపోవడంతో బస్సులు మారి జనగామ చేరేసరికి, మా అన్న దీక్షా శిబిరంలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పొంగిపోయి మైకు చేతికిచ్చాడు. “మా చెల్లె ఆడనే చదువుతున్నది. మనల్ని ఎట్ల చూస్తరో జర చెప్పు చెల్లె.”

“అందరికీ నమస్కారమండీ, నేను నిన్ననే బయలుదేరి వచ్చానండీ...”

నా నోట ఆ కోస్తా మాటే వచ్చింది. టెంటు కింద ముందు కూర్చున్న అవ్వ, ఏ ఎత్తిపొడుపూ లేకుండా, “ఏ ఊరు బిడ్డా నీది?” అని అడిగింది. “నర్మెట్టనే అవ్వా” అని, నా వైపు చూడకుండా అన్నే చెప్పాడు. సభలో నవ్విన వాళ్ల ముందు పడ్డ సిగ్గు ఈ సిగ్గుతో పోలిస్తే ఏపాటిది!

రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు సభల్లో, సినిమాల్లో మన యాసకు చప్పట్లు కొడుతున్నారు, వింటే నాకూ కడుపు నిండుతుంది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాత్రం, “వచ్చిన” అనడానికి ఇప్పటికీ ఒక క్షణం వెతుక్కోవాల్సి వస్తుంది.