గీత లేవని గొట్టం

ప్రయోగశాలలో ఆమెకు పెట్టిన పేరు కాలుగాలిన పిల్లి. కుర్చీ ఉన్నా కూర్చోదు. యంత్రం తన పని తాను చేసుకుపోతున్నా దాని ముందు పచార్లు చేస్తూనే ఉంటుంది.

మొక్కల నుంచి తీసిన సారాలు రక్తంలోని కొలెస్ట్రాల్ రేణువులను చెడిపోకుండా ఆపుతాయా అని పరీక్షించడం ఆమె ఉద్యోగం. దాతల రక్తం నుంచి వేరుచేసిన రేణువులకు గాజు గొట్టంలో కాస్త రాగి ద్రావణం కలుపుతారు. రాగి తగిలితే అవి చెడతాయి. చెడేకొద్దీ యంత్రం తెర మీద గీత పైకి లేస్తుంది. సారం కలిపినప్పుడు గీత ఎంత ఆలస్యంగా లేస్తే ఆ మొక్కకు అంత సత్తా ఉన్నట్టు.

ఆ రోజు ఒక చేదాకు సారం కలిపిన గొట్టంలో గీత లేవనే లేదు. ప్రయోగశాల పెద్దసారుకు చూపించి, ఇంటికి వెళ్లి చెప్పులైనా విప్పకుండా మామగారికీ చెప్పేసింది. ఆయన దర్జీ. డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్రలు సణుక్కుంటూ మింగుతున్నారు.

"మన పెరట్లో ఉన్నదేనా అమ్మాయ్?"

"అదే మామయ్యా!"

మర్నాడు పోల్చి చూడటానికి సారం కలపని గొట్టాన్ని యంత్రంలో పెట్టింది. అందులోనూ గీత లేవలేదు. రక్తం పాడవకుండా మొదట్లో కలిపే మందును తర్వాత పూర్తిగా కడిగెయ్యాలి. ఈసారి కొంత మిగిలిపోయింది, ఆ మందే రాగిని పట్టేసుకుంది. ఆకు చేసిందేమీ తేలలేదు.

పెద్దసారు గదికి వెళ్లింది. గుమ్మం దగ్గరే అటూ ఇటూ తిరిగింది.

"ముందు నిలబడమ్మా, తర్వాత చెబుదువుగాని."

చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి ముఖం రుద్దుకున్నారు.

"నిన్ననే అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. సరే, మళ్లీ కడుగు. మళ్లీ చెయ్యి."

అప్పుడు గుర్తొచ్చారు మామగారు. భోజనాల వేళ ఇంటికి పరుగెత్తింది. ఆయన మిషను ముందు కూర్చుని, ముఖం వికారంగా పెట్టుకుని ఆకు నములుతున్నారు.

"మాత్ర వేసుకున్నారా?"

"ఎందుకూ? ఆకు కాపాడుతుందని నువ్వేగా అన్నావు!"

"అది తప్పు లెక్క మామయ్యా. నిజమే అయినా గొట్టంలో జరిగింది ఒంట్లో జరుగుతుందని ఎవరు చెప్పారు?"

"ఇంత చేదు ఊరికే తిన్నానా!" ఆకు ఉమ్మేసి, ఆమె చూస్తుండగానే మాత్ర మింగారు.

కొత్త రక్తం తెచ్చి, కడిగిందే కడిగింది. ఆ వారమంతా అదే పని. చివరికి సారం లేని గొట్టాన్ని పెడితే గీత చకచకా లేచింది. రేణువులు చెడిపోయినందుకు ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది. తర్వాత ఆకు సారం. గీత కాస్త ఆగి లేచింది. కాస్తే. అంతకుమించి ఏమీ లేదు, కానీ ఈ కాస్త నిజం.

"ఎలా ఉంది?" అన్నారు పెద్దసారు.

"నికరంగా ఉంది సార్," అంటూనే ఆమె మరో గొట్టం కోసం కదిలింది.