చౌరస్తాలో నిర్మలమ్మ

చౌటుప్పల్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్ నిర్మలమ్మ. ఆమెది పెద్ద నోరు, అంతకన్నా పెద్ద మనసు. పిల్లలకు వినిపించేది మాత్రం మొదటిదే. ఎవరికీ పంపకూడని ఫొటోల గురించి ఇంటర్ పిల్లలకు చెప్పమని ప్రిన్సిపాల్ పురమాయిస్తే, ఆ నోరు కాస్తా ఎండిపోయింది. ఎలాంటి ఫొటోలో పైకి అనాలంటే సిగ్గు. పోయిన ఏడాది "ఫోన్ ముడితే చెడిపోతరు" అని గంటసేపు ఉరిమింది. పిల్లలు బుద్ధిగా తలలూపి, బయటికి రాగానే ఫోన్లు తీశారు.

ఈసారి తన బాగోతమే చెప్పింది. తలకు గోరింటాకు, మొహానికి శనగపిండి పట్టించుకుని, నైటీలో ఫొటో దిగి భువనగిరిలోని చెల్లెలు సోమమ్మకు పంపింది. ఎవరికీ చూపొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. సోమమ్మ ఒట్టు తప్పలేదు. కాకపోతే ఆమె ఫోన్ ఎప్పుడూ కొడుకు చేతిలోనే ఉంటుంది. పెద్దమ్మ పుట్టినరోజని వాడికి ప్రేమ పొంగుకొచ్చింది. తెల్లారేసరికి చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ. నడుమ శనగపిండితో పెద్దమ్మ, చుట్టూ నల్లకళ్లద్దాలతో వాడి దోస్తుల తలకాయలు.

పిల్లలు పడీ పడీ నవ్వారు. నిర్మలమ్మ కూడా నవ్వి, ఆ నవ్వులోనే చెప్పాల్సింది చెప్పేసింది.

"నా చెల్లె మంచిదే బిడ్డా. మంచోళ్ల చేతిలనే ఫొటో ఆగలే. బట్టలు లేని ఫొటో అడిగెటోని చేతిల ఆగుతదా? వాడు ఎంత ప్రేమగ అడిగినా పంపకుండ్రి."

అందరూ వెళ్లాక వెనక బెంచీలో ప్రణీత మిగిలింది. ఇందాక నవ్వనిది ఆ పిల్ల ఒక్కతే.

"మేడం, పంపినంక ఏం చెయ్యాలె?"

తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. ఇప్పుడు ఉరిమితే ఈ పిల్ల మళ్లీ ఎవరి దగ్గరా నోరు విప్పదని నిర్మలమ్మకు నిజంగా భయమేసింది. వచ్చి పక్కన కూర్చుంది.

"బెదిరిస్తుండా?"

"ఇంకోటి పంపకుంటే అందరికి పెడ్తనంటుండు. బాపుకు తెలిస్తే సదువు మాన్పిస్తడు."

"ఇగ ఏం పంపకు. వాని మెసేజ్‌లు తుడపకు, అవి షీ టీమ్ పోలీసోళ్లకు చూపిద్దాం. బాపుతోని నేను మాట్లాడ్త."

ప్రణీత ఏడుపు ఆపుకోలేకపోయింది. "మీరు తిడ్తరనుకున్న మేడం."

"తిట్లన్నీ వానికోసం దాచిపెట్టిన బిడ్డా. చెప్పులేసుకో, పోదాం."