సీసాల గదిలో ‘వస్తానండీ’

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నాకే జరిగింది.

అప్పుడు నేను బెజవాడలో ఎంబీబీఎస్ రెండో ఏడు. జబ్బు ఒంట్లో ఎలా మొదలవుతుందో, ఎలా పాకుతుందో చదివే ఏడాది. మా కాలేజీలో దానికోసం ఒక గది ఉంది. గోడల నిండా గాజు సీసాలు. వాటిలో మందునీళ్ళలో మునిగిన గుండెలు, ఊపిరితిత్తులు, కాలేయాలు. ఎవరివో తెలియదు. చూసి జబ్బు గుర్తుపట్టాలి.

ఇది జరిగిన వారమే, కంకిపాడులో ఇంటి దగ్గరున్న మా నాన్నకి కాలేయంలో గడ్డ అన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు రాలేదు. నాకు ఏడుపూ రాలేదు. ఒళ్ళంతా మొద్దుబారినట్టు... అంతే. అన్నం తిన్నాను. పుస్తకం తీసుకుని ఆ గదికి వెళ్ళాను.

చీకటి పడింది. బయట వాన. గదిలో నేనొక్కదాన్నే. కాలేయం సీసా ముందు నిలబడ్డాను. తెల్లటి గడ్డలు. నాన్నకీ ఇలాగే ఉంటాయా అనుకున్నాను. అనుకున్నా ఏమీ అనిపించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

బ్యాగు తగిలించుకున్నాను. తలుపు దాకా వచ్చాక... అలవాటుగా నోరు జారింది.

“వస్తానండీ.”

చావు జరిగిన ఇంట్లోంచి వచ్చేటప్పుడు ఆ మాట అనరు కదా మనవాళ్ళు. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. మరి నేను అన్నది ఎవరితో? ఆ గదిలో ఉన్నవాళ్ళంతా...

ఫ్యాను ఆగిపోయింది. లైటు మాత్రం వెలుగుతూనే ఉంది. ఎక్కడో చుక్క పడుతున్న చప్పుడు. టప్... టప్...

తర్వాత ఒక దగ్గు. చిన్నది. గొంతు సవరించుకున్నట్టు.

“మంచిదమ్మా... మళ్ళీ రా.”

మగ గొంతు. నెమ్మదిగా. కాలేయం సీసా వైపు నుంచి.

వెనక్కి తిరగలేదు. వరండాలో తాళాలు పట్టుకుని కూర్చున్న అటెండర్ని అడిగాను.

“లోపల ఇంకెవరన్నా ఉన్నారా అన్నా?”

“ఎవరుంటారమ్మా? మీరే ఆఖరు,” అంటూ తాళం వేశాడు.

ఆదివారం ఇంటికి వెళ్ళాను. సాయంత్రం బస్సెక్కుతూ “వస్తా నాన్నా” అన్నాను. నాన్న ఎప్పుడూ “దిగగానే ఫోన్ చెయ్యి” అంటాడు. ఆ రోజు చిన్నగా దగ్గాడు.

“మంచిదమ్మా... మళ్ళీ రా.”

అదే గొంతని ఒట్టు వేయలేను. కాదనీ వేయలేను. బస్సు కదిలాక ఏడుపొచ్చింది. బెజవాడ చేరినా ఆగలేదు.

రిపోర్టు తర్వాత వచ్చింది. మంచిది కాదు. నాన్న ఆ ఏడాది దాటలేదు. కర్మకాండలకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు. కాలేజీకి బయల్దేరుతూ నేనూ గడప దగ్గర ఆగాను. మాట నోటిదాకా వచ్చింది.

అనలేదు. అంటే జవాబు వస్తుందేమోనని భయం. రాకపోతే... అది ఇంకా భయం.